వినుకొండ రోడ్డు మీద మా గుర్రాల క్యాంపు

ప్రతి వేసవిలో ఎవరో ఒక తల్లి అడుగుతుంది, ఆడపిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే ఈ క్యాంపు ఆలోచన మీకు ఎట్లా వచ్చిందని. ఆలోచించి మొదలుపెట్టిన పని కాదిది. ఒక ఆదివారం పొద్దున నరసరావుపేట బజారులో మా గుర్రం బెదిరింది. అన్నీ ఆ తర్వాత జరిగినవే. అయితే ఆ ఆదివారం సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా తాత స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. రైలు దిగినవాళ్ళను కోర్టుకూ ఆసుపత్రికీ చేర్చేవాడు. మేం అబ్బా అని పిలిచే మా నాన్న పదహారేళ్ళకే ఆ బండి ఎక్కాడు. ఆటోలు వచ్చాక స్టాండులో జట్కాలు ఒక్కొక్కటే తగ్గిపోయి, ఆఖరికి మాదొక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయింది. బండిని అమ్మేశాడు గానీ గుర్రాన్ని మాత్రం నాన్న అమ్మలేదు. పెళ్ళి ఊరేగింపులకు దాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. మా చిన్నప్పుడు ఇంటి ముందు ఎప్పుడూ ఒక ఎద్దు పడుకోబెట్టి ఉండేది, దాని కాళ్ళ దగ్గర నాన్న గొంతుక్కూర్చుని ఉండేవాడు. మా అమ్మ పొద్దున లేవగానే మాకు టీ పెట్టే ముందు గుర్రానికి ఉలవలు ఉడకేసేది. మా ఇంట్లో వరస అది. మొదట గుర్రం, తర్వాత మనుషులు.

నాకు ఏడేళ్ళప్పుడు నన్ను గుర్రమెక్కించింది నాన్నే. జీను లేదు. వీపు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టి, కాళ్ళతో పట్టుకోమన్నాడు, చేతులతో వేలాడొద్దన్నాడు. తొమ్మిదేళ్ళకల్లా నేనొక్కదాన్నే దాన్ని సాగర్ కాలువ దాకా తోలుకుపోయి, కడిగి తెచ్చేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు కట్ట మీద మనుషుల్లేని చోట దుల్కీకి వదిలేదాన్ని. దుల్కీ అంటే నడకకూ పరుగుకూ మధ్య గుర్రం వేసే అడుగు, జట్కావాళ్ళ మాట. ఆ అడుగులో జీను లేకుండా కుదురుగా కూర్చోవడం మగపిల్లలకే కష్టం. నాకది పదేళ్ళకే వచ్చు. ఈ మాట ఇంత సూటిగా చెప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పన్నెండేళ్ళు నిండాక ఒకరోజు మా దాదీ, అంటే నాన్న తల్లి, నేను కాలువ నుంచి స్వారీ చేసుకుంటూ రావడం వీధి అరుగు మీద నుంచి చూసింది. ఆరోజు ఇంట్లో పెద్ద రభస అయింది. పెళ్ళి కావలసిన పిల్ల కాళ్ళు చెరో పక్కా వేసుకుని బజార్న పోతుంటే చూస్తూ ఊరుకుంటావా అని ఆమె నాన్నను నిలదీసింది. నాన్న ఆమెకు ఎదురు చెప్పలేదు. మర్నాడు పొద్దున నేను కళ్ళెం తీసుకోబోతే నా చేతిలోంచి తీసుకుని మేకుకు తగిలించాడు. ఇక వద్దమ్మా అన్నాడు, అంతే. నేను ఏడవలేదు. ఆ తర్వాత కూడా పేడ ఎత్తాను, దాణా పెట్టాను, మాలీసు చేశాను. ఎక్కడం మాత్రం అక్కడితో ఆగిపోయింది.

చదువుకున్నాను. ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరునయ్యాను. పెళ్ళయింది. మా ఆయనకు వినుకొండ రోడ్డులో లారీల బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఆయన వెల్డింగు పనిలో చేయి తిరిగినవాడు, గుర్రాలంటే మాత్రం ఆమడ దూరం. పెళ్ళయిన మొదటి వారంలోనే మా గుర్రం ఆయన భుజం కొరికింది. మా ఇల్లు పుట్టింటికి రెండు వీధుల అవతలే కాబట్టి నేను రోజూ సాయంత్రం స్కూలు నుంచి అటే పోయి దాన్నొకసారి నిమిరి వచ్చేదాన్ని. పాత గుర్రం పోయి, దాని కడుపున పుట్టిన తెల్ల ఆడగుర్రం ఎదిగింది. నాన్నకు అరవై దాటాయి.

ఇక ఆ ఆదివారం. పొద్దున పది గంటల పెళ్ళి ఊరేగింపు. నాన్నకు ముందురోజు నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. రెండో పక్క పగ్గం పట్టుకోవడానికి మనిషి దొరకలేదు. నేను వస్తానన్నాను. నాన్న ఒక్క నిమిషం నా వంక చూసి, సరేనన్నాడు. చున్నీ నడుముకు బిగించుకుని గుర్రానికి ఎడమ పక్క నడిచాను. పెళ్ళికొడుకు పైన కూర్చున్నాడు. వెనకాల డీజే బండి. మలుపు దగ్గర ఎవరో పటాకుల సరం సరిగ్గా గుర్రం కాళ్ళ ముందే వెలిగించారు.

అది ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది. పెళ్ళికొడుకు వెనక్కి జారి వాళ్ళ బావమరుదుల చేతుల్లో పడ్డాడు. నాన్న నేల మీద పడ్డాడు. నా చేతిలో పగ్గం కోసుకుంటూ జారిపోయింది. గుర్రం బజారు మధ్య నుంచి పరుగు తీసింది. నేను ఒకసారి నాన్న వైపు చూశాను. ఆయన లేవకుండానే గుర్రం వైపు చెయ్యి చూపించాడు. నేను దాని వెనక పరుగెత్తాను.

కూరగాయల బళ్ళ దగ్గర ఒక ట్రాక్టరు అడ్డం రావడంతో ఆగింది. నోట్లో నురగ, ఒళ్ళంతా వణుకు. చుట్టూ జనం, అందులో పిల్లలు. ఒకడు కర్ర పట్టుకుని ముందుకు వస్తున్నాడు. నేను అతన్ని ఆగమని చెప్పి, నాన్న పిలిచినట్టే నాలుకతో చప్పుడు చేస్తూ పక్క నుంచి దగ్గరికి పోయి మెడ మీద చెయ్యి వేశాను. నడిపిద్దామని పగ్గం లాగితే అడుగు వెయ్యలేదు. ఇటు జనం, అటు డీజే మోత. దానికి దారి కనబడటం లేదు. దాని మీద కూర్చుని దారి చూపించడం తప్ప వేరే మార్గం లేదని నాకు అర్థమైంది. పక్కన మురుగు కాలువ మీద నాపరాయి ఎత్తుగా ఉంది. దాని మీద కాలు పెట్టి ఎక్కేశాను.

ఎక్కిన తర్వాత నేను భయపడలేదు. చాలా ఏళ్ళయినా కాళ్ళకు పని గుర్తుంది. మోకాళ్ళు బిగించి, పగ్గాలు వదులుగా పట్టి, దాని చెవుల వెనక మెల్లగా మాట్లాడుతూ తిప్పాను. అది నడిచింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆ వీధి పొడుగునా మేడల మీద ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. నాన్న ఒక షాపు మెట్టు మీద నడుం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను దిగబోతే వద్దన్నాడు. పెళ్ళివాళ్ళు మాకు గుర్రమూ వద్దు మీరూ వద్దని అప్పటికే కారు పిలిపించుకున్నారు. నాన్నను ఆటోలో ఎక్కించారు. గుర్రాన్ని ఇంటికి చేర్చాలి కదా. ఊరి నడిబొడ్డు నుంచి, మిట్టమధ్యాహ్నం, స్కూల్లో నా దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు చూస్తుండగా, నేను మా గుర్రం మీద ఇంటికి వచ్చాను.

తర్వాతి మూడు రోజులు ఊళ్ళో రకరకాలుగా అన్నారని తెలిసింది. టీచరై ఉండి ఇదేం పని అన్నవాళ్ళున్నారు. మా పెదనాన్న అయితే ఇంటికి వచ్చి మరీ చివాట్లు పెట్టిపోయాడు. నాలుగో రోజు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల పనికి పోయే ఒకామె పదకొండేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని మా పుట్టింటికి వచ్చింది. నేను నాన్న నడుముకు మందు రాస్తున్నాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"ఆ రోజు నువ్వు పోతావుంటే నా కూతురు చూసిందక్కా. అప్పట్నుంచి ఇదే గోల. అన్నం కూడా సరిగా తినట్లే. దీనికి నేర్పుతావా?"

నేనెవరికీ నేర్పలేదమ్మా, స్కూలు పని ఉంది, దెబ్బలు తగులుతాయి అని ఏదో సర్ది చెప్పబోయాను. మంచం మీద బోర్లా పడుకుని ఉన్న నాన్న తల తిప్పకుండానే అన్నాడు.

"నేర్పుద్ది. రేపు తెల్లారి తీసుకురా."

వాళ్ళు పోయాక నేను నాన్నను అడిగాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అది. "మరి నన్నెందుకు దించావ్ అబ్బా?"

ఆయన తలకింది దిండు సర్దుకున్నాడు. తర్వాత, "మీ దాదీ నోటికి జడిసి దించా. తప్పు చేశానని ఆ రోజే తెలుసు. నీకెట్టా చెప్పాలో తెలవక చెప్పలా," అన్నాడు. నేను మందు రాయడం ఆపలేదు.

ఆ పిల్ల రోజూ వచ్చింది. వారం తిరిగేసరికి మా స్కూలు పిల్లలు మరో నలుగురు వచ్చారు. అప్పుడే వేసవి సెలవులు మొదలవడంతో నాకూ వీలైంది. నేర్పించే పద్ధతి మాత్రం నాన్నదే. ఆయన నడుం కట్టుతోనే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. మొదటి మూడు రోజులు ఎవరినీ ఎక్కనివ్వలేదు. పేడ ఎత్తించాడు, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయించాడు. గుర్రం పక్కన ఊరికే నిలబడి అది ఊపిరి పీలుస్తుంటే కడుపు మీద చెయ్యి పెట్టి వినమన్నాడు. పిల్లలు నవ్వుకున్నారు గానీ నాలుగో రోజుకు ఆ గుర్రం వాళ్ళను చూస్తే చెవులు ముందుకు పెట్టేది.

ఇంటి ముందు వీధిలో ఐదుగురు పిల్లలతో గుర్రం తిప్పడం కుదరదని తేలిపోయింది. అప్పుడు మా ఆయన, గుర్రాలంటే గిట్టని మనిషి, తనకు వాళ్ళ నాన్న ఇచ్చిన ఎకరం బీడు ఉంది కదా, అందులో చేసుకోండన్నాడు. వినుకొండ రోడ్డు పక్కనే, షెడ్డుకు వెనకాల. పల్నాడు నేల సంగతి తెలిసిందే, పార వేస్తే నిప్పులు రాలతాయి. ఇంటిల్లిపాదీ నెల రోజులు రాళ్ళు ఏరాం. చుట్టూ నాపరాళ్ళు నిలబెట్టి పాతించాం. రైసు మిల్లు నుంచి ఊక ట్రాక్టర్లలో తోలించి, ఇసుకతో కలిపి నేలంతా పరిచాం. రికాబులు, అంటే కాళ్ళు పెట్టుకునే ఇనప కడియాలు, మా ఆయనే లారీ కమాను పట్టీలతో చేశాడు. పడినప్పుడు కాలు అందులో ఇరుక్కోకూడదని నాన్న చెబితే, సరిపోయేంత వెడల్పు దొరికేదాకా నాలుగుసార్లు కోసి మళ్ళీ అతికించాడు. లారీ సీట్లు కుట్టే మేస్త్రీ రెండు జీన్లు కుట్టాడు. తలలకు క్రికెట్ హెల్మెట్లు పెట్టాం. అసలైనవి కొనడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

రెండో వేసవికి మా ఆయన గేటు మీద రేకు కట్టి 'ఆడపిల్లల గుర్రపుస్వారీ క్యాంపు' అని ఎర్ర రంగుతో రాయించాడు. పద్నాలుగు మంది చేరారు. మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చినవాళ్ళు మా ఇంట్లోనే ఉండేవారు. హాల్లో చాపలు పరిచి వరసగా పడుకునేవాళ్ళు. తెల్లవారుజామునే లేచి, ఎండెక్కకముందే స్వారీ ముగించాలి. ఎనిమిది దాటితే మా ఎండలకు గుర్రమూ నిలబడదు, మనిషీ నిలబడడు. అమ్మ ఒక పొయ్యి మీద ఉలవలు, ఇంకో పొయ్యి మీద ఉప్మా పెట్టి, ఏది ఎవరికో చూసి తినండే అని పిల్లల్ని నవ్వించేది.

ఆ ఏడే దెబ్బ తగిలింది. కారంపూడి నుంచి వచ్చిన పదమూడేళ్ళ పిల్ల. అందరికన్నా చురుకైనది. దుల్కీలో పోతుండగా రోడ్డు మీద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరొచ్చి గుర్రం ముఖానికి తగిలింది. అది పక్కకు దూకింది. పిల్ల చెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు ఎముక విరిగింది. మేమే ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు వేయించాం. దాచేపల్లి నుంచి సిమెంటు లారీ తోలే వాళ్ళ నాన్న మర్నాడు వచ్చాడు. కొంచెం కుంటుతూ నడిచాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆడపిల్ల చెయ్యి వంకరపోతే రేపు దానికెవురు దిక్కు? ఏందీ పనులు మీకు?" అన్నాడు.

అతని కోపంలో తప్పేమీ లేదు. మా అమ్మ మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చి, అతను తాగేదాకా ఆగి అడిగింది. "నీ కాలికేమైంది నాయనా?"

"లారీ బోల్తా కొట్టింది. రాడ్డేశారు."

"మరి లారీ తోలడం మానుకున్నావా?"

"నా సంగతి ఏరు."

"ఎందుకు ఏరయ్యింది? చెప్పి పో."

అతను గ్లాసు అరుగు మీద పెట్టి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికి ఇంకో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ పెద్దవాళ్ళు తీసుకుపోయారు. నేను మా ఆయనతో ఇక మూసేద్దామన్నాను. నిజంగానే అన్నాను. ఒకరి పిల్ల ఎముక నా కళ్ళ ముందు విరిగింది, మళ్ళీ అది చూసే ధైర్యం నాకు లేదు. నాన్న మాత్రం మర్నాడు పొద్దున ట్రాక్టరు ఊక మూలన గుట్టగా పోయించాడు. తప్పు మనదేనని అందరి ముందూ చెప్పాడు. ఎక్కడం నేర్పాం, పడటం నేర్పలేదన్నాడు. గుర్రాన్ని గుట్ట పక్కన కదలకుండా నిలబెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే దాని మీది నుంచి ఊకలోకి పడమన్నాడు. చేతులు చాపకూడదు, గడ్డం ఛాతీకి ఆనించాలి, భుజం మీద దొర్లాలి, పగ్గం వదిలెయ్యాలి. మొదట నేనే పడి చూపించాను. పది రోజులు వేరే పాఠం లేదు. రోడ్డు వైపు నాపరాళ్ళ మీద మా ఆయన ఎత్తుగా వల కట్టాడు, కవర్లు ఎగిరి రాకుండా. ఈ రోజుకీ మా దగ్గర చేరిన ప్రతి పిల్లా ఎక్కడం కంటే ముందు పడటం నేర్చుకుంటుంది.

నేను వారానికోసారి కారంపూడికి ఫోను చేసి మణికట్టు ఎట్లా ఉందని అడిగేదాన్ని. వాళ్ళ నాన్న ముక్తసరిగా జవాబిచ్చేవాడు. ఊక గుట్ట సంగతీ, వల సంగతీ చెబితే విన్నాడు, ఊ అనలేదు. కట్టు విప్పిన తర్వాత కొన్నాళ్ళకు, బడులు తెరిచాక ఒక ఆదివారం, మా గేటు ముందు బస్సు ఆగింది. ఆ పిల్ల ఒక్కతే దిగింది. చేతిలో సంచి, సంచిలో గుర్రానికి కారెట్లు. నేను ముందు తన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. బాగానే ఉంది.

"ఇంట్లో చెప్పే వచ్చావా?" అన్నాను.

"మా నాన్నే బస్సెక్కించాడు మేడం. పడేది సరిగ్గా నేర్చుకున్నాకే ఎక్కమన్నాడు."

ఆ రోజు ఆ పిల్ల ఊక గుట్టలోకి ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. జుట్టునిండా ఊకతో, మా అమ్మ దగ్గర కూర్చుని అన్నం తింది.

ఇప్పుడు మా దగ్గర ఐదు గుర్రాలున్నాయి. తెల్లది ముసలిదైంది. దాన్ని చిన్నపిల్లలకు నడక నేర్పడానికి మాత్రమే ఉంచాం. నేను స్కూలు ఉద్యోగం మానలేదు, హిందీ చెప్పడం నాకిష్టం. మా ఆయన ఇప్పటికీ గుర్రానికి ఎదురుగా నిలబడడు, కానీ జిల్లాలో ఎక్కడ జీను తెగినా రికాబు విరిగినా ఆయన షెడ్డుకే తెస్తారు. మా పెదనాన్న తన మనవరాలిని కిందటేడు తనే తీసుకొచ్చి చేర్పించాడు. పాత మాటలు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కోల్డ్ స్టోరేజీ ఆమె కూతురు, మా మొట్టమొదటి పిల్ల, తిరుపతిలో పశువైద్యం చదువుతోంది. సెలవుల్లో వస్తే నేరుగా గుర్రాల డెక్కలు ఎత్తి చూసిగానీ మాతో మాట్లాడదు.

ఈ వేసవి క్యాంపు ఆఖరి రోజున పిల్లల పెద్దవాళ్ళందరినీ రమ్మన్నాం. పొద్దున ఆరింటికే నాపరాళ్ళ పొడుగునా నిలబడ్డారు. క్వారీ పనివాళ్ళు, మెకానిక్కులు, మేస్త్రీలు, బుర్ఖాల్లో తల్లులు, ముసుగేసుకున్న అవ్వలు. కారంపూడి పిల్ల, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, మైదానం మధ్యలో నిలబడి పిల్లలకు ఆజ్ఞలు ఇస్తోంది. నడక అంటే నడిచారు. దుల్కీ అంటే తెల్లది కాక మిగిలిన నాలుగు గుర్రాలూ ఒకేసారి అడుగు మార్చాయి. నలుగురు ఆడపిల్లల వీపులు నిటారుగా, చేతులు కిందికి, చూపు ముందుకు. ఒక తండ్రి ఫోను పైకెత్తి వీడియో తీస్తూ తీస్తూ, తీయడం మరిచిపోయి, ఫోను కిందికి దించి కళ్ళతో చూడసాగాడు.

నాన్న కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఒక పిల్ల మోకాలు వదులైంది, అది నేను చూసేలోపే ఆయన చూశాడు. ఏమే, కాలు అని చిన్నగా అన్నాడు. ఆ పిల్ల వెంటనే సర్దుకుంది.

ఈపూరు నుంచి మనవరాలి కోసం వచ్చిన ఒక అవ్వ నా పక్కనే ఉంది. ఆమెకు నేనెవరో తెలియదు. గుర్రాలను చూస్తూనే అడిగింది, "ఇదంతా ఎవురిదమ్మా?"

నేను నాన్న వైపు చూశాను. షెడ్డు గుమ్మంలో వెల్డింగు అద్దాలు నెత్తి మీదికి తోసుకుని నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. అమ్మ వచ్చినవాళ్ళకు టీలు పోస్తోంది.

"మాదే అవ్వా," అన్నాను.